కాలరు లోపల రాసిన కవిత

ముందుగా చదివేవాళ్లు నన్ను మన్నించాలి. యాభై దాటాక అక్షరాలు నేర్చుకున్నదాన్ని. ఒత్తు ఎక్కడ పెట్టాలో, దీర్ఘం ఎక్కడ తియ్యాలో ఇప్పటికీ తడబడతాను. ఒక పేజీ రాయడానికి నాకు ఒక పూట పడుతుంది. మధ్యలో కుక్కర్ కూస్తే లేవాలి, మనవరాలు పిలిస్తే పోవాలి, తిరిగొచ్చి ఎక్కడ ఆపానో వెతుక్కోవాలి. కొన్ని తప్పులు కోడలు దిద్దింది, మిగిలినవి నావే. జరిగింది మాత్రం జరిగినట్టే చెప్తున్నాను.

"రెండు తెల్ల దుప్పట్లు కలిపి కుట్టి, గంజి పెట్టి, ముడత లేకుండా ఇస్త్రీ చెయ్యాలి అన్నమ్మా. రేపు సాయంత్రానికి కావాలి," అంది లలితకుమారి.

"హాస్టల్ల పోరగాండ్లే లేరు గద మేడం, దుప్పట్లు ఎవరికి?"

"పడుకోడానికి కాదులే. మా అన్నయ్య సినిమా వేస్తాడంట. తెరకి."

సకల జనుల సమ్మె మొదలై మూడు వారాలయింది. బస్సులు డిపోలు దాటడం లేదు, ఆఫీసులకు తాళాలు పడ్డాయి, చైతన్యపురిలో కోచింగు సెంటర్లన్నీ మూతపడ్డాయి. పిల్లలు పుస్తకాల సంచులు భుజాన వేసుకొని, తుర్కయంజాల్ దాకా నడిచి, అక్కడ జీపులూ లారీలూ పట్టుకొని ఊళ్లకు పోయారు. అరవై నాలుగు మంచాల హాస్టలు బోసిపోయింది. లలితకుమారిది భీమవరం దగ్గర ఊరు. పద్దెనిమిదేళ్లుగా ఇక్కడే ఉంటూ హాస్టలు నడుపుతోంది. సమ్మె మొదలైన రోజే షట్టరు మీద ఎర్ర రంగుతో 'జై తెలంగాణ' అని రాయించింది.

"మీ షట్టరు మీద ఉన్నంత పెద్ద అక్షరాలు మా ఉద్యమపోళ్ల బేనర్ మీద గూడ లేవు మేడం," అని అన్నమ్మ ఆటపట్టించేది.

"నవ్వుకో నవ్వుకో. అద్దాలు పగిలితే నువ్వు కొనిస్తావా?" అనేది లలితకుమారి. అని, తనూ నవ్వేది.

ఆమె అన్న శ్రీరామమూర్తి ఇంగ్లీషు లెక్చరరుగా చేసి రిటైరయ్యాడు. నెలకోసారి దిల్‌సుఖ్‌నగర్‌లో ఒక హాలు అద్దెకు తీసుకొని, నలుగురినీ పోగేసి పరదేశపు సినిమాలు చూపిస్తుంటాడు. సమ్మెలో ఆ హాలు మూసేశారు. అందుకని ఈసారి హాస్టలు భోజనాల గదిలో వేస్తానన్నాడు.

"ఎవరికీ అర్థంకాని భాషలో సినిమా. వచ్చినవాళ్లకి టీ మాత్రం మనం పెట్టాలి," అని గొణిగింది లలితకుమారి. "నువ్వూ కూర్చో అన్నమ్మా. ఎవరో కవిని జైల్లో పెడతారంట. మీ ఆయన కూడా పాటలు రాసేవాడుగా."

అన్నమ్మ ఆమెకంటే ఆరేళ్లు పెద్దది. అయినా లలితకుమారి నోట ఎప్పుడూ 'నువ్వే' వచ్చేది. అన్నమ్మకు అది మొదట్లో గుచ్చుకునేది, తర్వాత అలవాటయింది. ఆ మనిషి మాట అంతే, చెయ్యి మాత్రం మంచిది. సుందరయ్య పోయినప్పుడు నెల జీతం ఆపకుండా ఇచ్చి, నలభై రోజులదాకా పనికి రావద్దన్నది ఆమే.

పదకొండేళ్లుగా అన్నమ్మ ఆ హాస్టల్లో బట్టలు ఉతుకుతోంది. అరవై నాలుగు మంది చొక్కాలు ఆమెకు ముఖాల్లాగా గుర్తు. ఎవడు పరీక్షకు భయపడుతున్నాడో చంకల్లో చెమట చెప్పేది. ఎవడు ఇంటి మీద బెంగతో రాత్రంతా మేలుకున్నాడో నలిగిన తీరు చెప్పేది. జేబులో పెన్ను మరిచిపోయి వేసినవాడి చొక్కా మీద సిరా మరకకు ఏ మందు పెట్టాలో, నిమ్మకాయతో పోయేదేది, స్పిరిటుతో పోయేదేది, ఏం చేసినా పోనిదేదో ఆమె చేతివేళ్లకే తెలుసు. ఇది ఒక తెలివి అని ఎవరూ ఆమెతో అనలేదు. ఆమె కూడా అనుకోలేదు. ఉతుకు బండ దగ్గర నిలబడితే చేతులు వాటి పని అవి చూసుకునేవి, నోరు ఏదో ఒకటి పాడుతూ ఉండేది. పిల్లలు పైనుంచి, "అమ్మమ్మా, ఇంకోసారి పాడవా," అని అరిచేవాళ్లు.

ఆ మధ్యాహ్నం దుప్పట్లు గంజి నీళ్లలో ముంచుతుంటే సైదులు వచ్చాడు. సుందరయ్యతో పాటు డప్పు పట్టుకొని తిరిగినవాడు, ఒకే దళంలో పాడినవాడు, అన్నమ్మకు మరిది వరస.

"వదినా, ప్రెస్సోళ్లు ఇచ్చిండ్రు చూడు. అన్న పాటల పుస్తకం. ఎల్లుండి పొద్దుగాల మిషన్ ఎక్కుతది. ఎల్.బి. నగర్ చౌరస్తల ధూంధాం రోజు మనమే అమ్ముదాం." చంకలోని కాగితాల కట్ట తీసి, తడి తగలకుండా గోడ మీద పెట్టాడు. "రేపు సినిమాకు నేను గూడ వస్తున్న, అప్పుడు తీస్కపోత. ఫోటో మంచిగ వచ్చిందా లేదా చూసి చెప్పు."

ఫోటో చూడమన్నాడు. చదవమనలేదు. చదవగలదని అతనికి తెలియదు.

సుందరయ్య పోయాక మూడు నెలలు అన్నమ్మ పని లేని వేళంతా గోడకు ఆనుకొని కూర్చుంది. అప్పుడు కోడలు జోస్నా ఒక ఆదివారం చర్చి నుంచి వస్తూ పాటల పుస్తకం కొనుక్కొచ్చి ఒళ్లో పెట్టింది. జోస్నా ఎల్.బి. నగర్‌లో ఒక దవాఖానలో నర్సు. మాట తక్కువ పిల్ల. "అత్తమ్మా, ఈ పాట నీకు నోటికి వస్తది కదా. పాడుకుంట వేలు పెట్టుకుంట పో. ఏ మాట ఏడుందో నీకే దొరుకుతది," అంది. అట్లా పాడుతూ పాడుతూ, తెలిసిన పాటలోంచి తెలియని అక్షరాలను ఏరుకుంది అన్నమ్మ. ఏడాదికి కూడబలుక్కొని చదవడం వచ్చింది. కొడుకు క్రాంతి కుమార్‌కు మాత్రం ఇది ముసలితనంలో కాలక్షేపంలాగా కనిపించేది. "మా అమ్మ కలెక్టర్ పరీక్షకు కూసుంటది," అని దోస్తులతో జోకులేసేవాడు.

దుప్పట్లు తీగ మీద వేసి, చేతులు కొంగుకు తుడుచుకొని, అన్నమ్మ కాగితాలు తీసింది. మొదటి పేజీలో సుందరయ్య నవ్వుతున్నాడు, ఆర్టీసీ డిపోలో హెల్పరుగా చేసినప్పటి ఖాకీ చొక్కా. మంచిగానే వచ్చాడు. రెండో పేజీ సైదులు రాసిన ముందుమాట. వేలు పెట్టుకొని మెల్లగా పోయింది. సగం పేజీ దగ్గర వేలు ఆగింది. 'అన్నమ్మ గారు' అని ఉంది. తన పేరు! అచ్చులో, గారు అని కూడా.  వాక్యం మొదటి నుంచి మళ్లీ చదివింది. 'సుందరన్న సహచరి అన్నమ్మ గారు. ఆమె పోసిన చాయ్ లేకుంటే ఈ పాటలు లేవు.'

సంతోషమే వేసింది ముందు. అబద్ధం కూడా కాదు. ఎనిమిది మంది వచ్చి పన్నెండు గంటలదాకా పాటలు కడుతుంటే, పాలు లేనప్పుడు బెల్లం వేసి, బెల్లం లేనప్పుడు వట్టి డికాక్షను పెట్టి, ఎన్ని సార్లు పోసిందో. ఆ మాట రాసిన సైదులు మీద ప్రేమ కలిగింది. పేజీలు తిప్పుకుంటూ పోయింది. నాలుగో పాట దగ్గర మళ్లీ వేలు ఆగింది.

బిందె మీద బిందె బెట్టి బారుల్ల నిలవడితి
నా వంతు నీళ్లన్ని ఏ దిక్కు పాయెనో
సూరీడు నడినెత్తికొచ్చె సుక్క నీరు రాకపాయె
నా ఇంటి నీళ్లన్ని ఎవరింట్ల నిండెనో

కింద 'రచన: సుందరయ్య' అని ఉంది. చివరిదాకా తిప్పి చూస్తే అన్ని పాటల కిందా అదే.

ఆ పాట ఊరూరా పాడతారు. సభల్లో అది అయ్యాక ఎవరో ఒక పెద్దమనిషి లేచి, కృష్ణా నీళ్లు ఎట్లా మళ్లిపోయాయో ఈ ఒక్క పాటలో సుందరన్న చెప్పాడు అనేవాడు. అన్నమ్మ జనంలో కూర్చుని తల దించుకొని నవ్వుకునేది. కృష్ణా నీళ్ల సంగతి ఆమెకు అప్పుడు తెలియదు. అది కరువు వచ్చిన ఏడాది, వాళ్ల బస్తీకి వారానికోసారి టాంకరు వచ్చేది. ఒకనాడు ఎండలో మూడు గంటలు నిలబడ్డాక, టాంకరు బస్తీ సందులోకి రాకుండా ఎదురుగా కట్టిన కొత్త అపార్టుమెంటు సంపులోకి పైపు తిప్పుకుంది. ఆడవాళ్లు తిట్టారు. అన్నమ్మకు తిట్లు రావు. ఖాళీ బిందెలు పట్టుకొని ఇంటికి నడుస్తుంటే ఆ నాలుగు వరుసలు అడుగుకొకటి వచ్చాయి. ఆ రాత్రి రొట్టెలు కాలుస్తూ పాడితే సుందరయ్య తినడం ఆపి, ఎంగిలి చేత్తోనే పెన్ను పట్టాడు. "ఆగాగు, మళ్ల పాడు, నేను రాస్కుంట," అన్నాడు. రాసింది ఆయన. ఆమెకు రాయడం రాదు కదా. అందుకే కాగితం మీద చేతిరాత ఆయనది.

ఆయన ఎప్పుడూ ఇంట్లో కాదనలేదు. అదే ఆ మనిషిలో మంచి. ఆమెను ముద్దుగా 'అన్నీ' అని పిలిచేవాడు. "అన్నీ, నువ్వు పుట్టుకతోనే పాటగత్తెవే. నేను కష్టపడి అయిన," అనేవాడు. ఆయనకు ఏ పాటకూ ముగింపు దొరికేది కాదు, మొదలుపెట్టి గోక్కుంటూ కూర్చునేవాడు. చెంబు తోముతూ ఆమె ఒక చరణం పారేస్తే, "నిండుగ ఉన్నదే," అని లేచి వచ్చి వెనకనుంచి ఆ తడి చేతులే పట్టుకునేవాడు. ఒక్కసారే అడిగింది ఆమె, "స్టేజి మీద ఒక్కసారన్న నా పేరు చెప్పరాదు?" అని. ఆయన తలుపు మూసి వచ్చి, తల గోక్కుంటూ అన్నాడు: "చెప్పొచ్చు గని అన్నీ, సుందరయ్యకు పెండ్లాం రాసిస్తదంట అని నవ్వుతరే." ఆ మాట దాచకుండా చెప్పినందుకు ఆమెకు ఆయన మీద కోపం రాలేదు. నవ్వి ఊరుకుంది. ఆ నవ్వు అప్పుడు నిజమే. కానీ ఎనిమిదేళ్ల తర్వాత, తీగ మీద దుప్పట్లు ఆరుతుండగా, 'రచన: సుందరయ్య' అని తనే చదువుకోగలిగిన ఆ రెండు మాటలు చూస్తే నవ్వు రాలేదు. అచ్చయితే ఇంక అది అట్లాగే ఉంటుంది. తను పోయాక మనవలు చదివేదీ అదే.

ఆ సాయంత్రం అన్నం పెడుతూ కొడుకుతో మెల్లగా అంది, "క్రాంతీ, బిందె పాట నేను కట్టింది రా."

"తెలుసే అమ్మా," అన్నాడు వాడు ముద్ద కలుపుతూనే. "నాయిన అంటుండె గద."

"పుస్తకంల నాయిన పేరే ఉన్నది."

"నాయిన పేరుంటే ఏంది, నీ పేరు ఉన్నట్టు కాదా? ఇప్పుడు పోయిన మనిషితోని పంచాది పెట్టుకుంటవా? జర పచ్చడెయ్యి."

పంచాది! పచ్చడి వేసింది. జోస్నా తన కంచంలోంచి తల ఎత్తి అత్త వంక ఒకసారి చూసి, మర్నాడు తనకు పగటి డ్యూటీ అనీ, నేరుగా హాస్టలుకే సినిమాకు వస్తాననీ మాత్రం చెప్పింది.

సినిమాకు ముప్పై మందిదాకా వచ్చారు. బల్లలు గోడకు జరిపి, దుప్పట్ల తెర కట్టారు. సమ్మెలో ఉన్న పంతుళ్లు, సైదులు, అతని దళం వాళ్లు, వీధిలోని ఇద్దరు ముగ్గురు ఆడవాళ్లు. శ్రీరామమూర్తి తెర పక్కన కుర్చీ వేసుకొని, కింద వచ్చే ఇంగ్లీషు అక్షరాలు చూసి తెలుగులో చెప్తూ పోయాడు. ఆయన ఎప్పుడూ రెండు మాటలు వెనకబడేవాడు. తెర మీద ఏడుపు అయిపోయాక ఎందుకు ఏడ్చిందో తెలిసేది. "సారూ, జర ముందుకు ఉరకుండ్రి, వాళ్లు ఊరు దాటిపోయిండ్రు," అని సైదులు అంటే అందరూ నవ్వారు.

ఏ దేశమో ఆయన చెప్పాడు కానీ అన్నమ్మ నోట ఆ పేరు నిలవలేదు. ఎండిన గుట్టలు, తెల్ల సున్నం వేసిన ఇళ్లు. అక్కడి సర్కారు రొట్టెల ధర పెంచితే దాని మీద ఒకతను కవిత రాశాడు. అందుకు ఆరేళ్లు జైలు. లోపల కాగితం ముక్క ఇవ్వరు. రాళ్లు కొట్టిస్తారు. పది రోజులకొకసారి మాసిన చొక్కా ఇంటికి పంపి, ఉతికిన చొక్కా తెప్పించుకోవచ్చు. ఆ కవి కాలరు కుట్టు విప్పి, లోపలి వైపు రాత్రిపూట కొంచెం కొంచెంగా, సన్నగా సిరాతో కవిత రాసి, మళ్లీ కుట్టేసేవాడు. భార్య జైలు గేటు దగ్గర మూట తీసుకొని, గుట్ట దిగి, ఇంటికి వచ్చి సూదితో కుట్టు విప్పి, దీపం దగ్గర చదివి కాగితం మీద ఎక్కించేది. తర్వాత చొక్కా నానేసేది. కాలరు మీద అక్షరాలు నీళ్లలో నల్లగా విడిపోయేవి. ఒక స్నేహితుడు ఆ కాగితాలు సరిహద్దు దాటించి అచ్చు వేయిస్తాడు. దేశాలన్నీ చదువుతాయి. చివరికి కవిని వదిలిపెడతారు. గేటు బయట జనం ఆయన్ను భుజాల మీద ఎత్తుకుంటారు. భార్య వెనకాల ఆ చొక్కాల మూటతో నడుస్తూ ఉంటుంది.

అన్నమ్మ ఆ ఆడమనిషి చేతులనే చూసింది. 'ఉతకడం రాని చెయ్యి, పిండేటప్పుడు కాలరును మెలిపెడుతోంది, చినిగిపోతది,' అనుకుంది మొదట. తర్వాత మరో సంగతి తోచింది. తోచాక ఇంక కవి ఎంత గొప్పగా మాట్లాడినా ఆమె చెవికి ఎక్కలేదు.

లైట్లు వేశారు. చర్చ మొదలైంది. "కవిని జైల్ల బెట్టగలరు గని పాటను బెట్టలేరు," అని సైదులు లేచి చేతులూపి చెప్పాడు. చప్పట్లు. ఒక లెక్కల పంతులు ఆ గుట్టలను ఎంత బాగా తీశారో చెప్పాడు. శ్రీరామమూర్తి ఆడవాళ్ల వైపు తిరిగి, "మీరెవరైనా ఏమన్నా చెప్తారా అమ్మా?" అని అడిగాడు.  జోస్నా మోచేత్తో అత్తను మెల్లగా పొడిచింది.

అన్నమ్మ లేచి నిలబడింది. "సారూ, ఒక్క ముచ్చట. ఆ అంగి ఎన్ని దినాలు తొడుగుతుండు ఆయన?"

"పది రోజులమ్మా."

"ఒంటి మీది నుంచి తియ్యకుండనే గద?"

"అంతే. జైల్లో ఒకటే చొక్కా."

"ఎండల రాళ్లు గొట్టే పని. మెడ ఎంత చెమట బడ్తది! ఆ సిరా నిలవది సారూ. నేను పదకొండేండ్ల సంది గీ హాస్టల్ల పోరగాండ్ల అంగీలు ఉతుకుతున్న. కుర్చీల కూసుండి చదువుకునే పోరగానికే రెండు దినాలల్ల కాలరు మీద మరక పారుతది. పది దినాల అంగి మీద అన్ని వరుసలు ఎట్ల మిగిలినయి?"

వెనక ఎవరో నవ్వారు. "సినిమా అమ్మా అది," అన్నాడు లెక్కల పంతులు.

"సినిమానే సారూ. అడుగుతున్న, అంతే."

శ్రీరామమూర్తి నవ్వలేదు. కళ్లద్దాలు తుడుచుకొని పెట్టుకున్నాడు. "మీరు కూర్చోండమ్మా, ఒక్క నిమిషం," అని మిషను దగ్గరికి పోయి సినిమాను వెనక్కి తిప్పాడు. ఆ హాస్టల్లో అన్నమ్మను 'మీరు' అన్న మొదటి మనిషి ఆయన. భార్య కుట్టు విప్పిన చోట బొమ్మను ఆపాడు. తెర మీద కాలరు లోపలి వైపు పెద్దగా నిలబడింది. చెమటకు నల్లగా అలికినట్టుంది. పైన రెండు వరుసలు, చివర ఒకటి అక్షరాల్లాగా కనిపిస్తున్నాయి, తక్కినదంతా మరకే. ఆయన వేలితో చూపిస్తూ లెక్కపెట్టాడు. మూడు. తర్వాత సినిమాను కొంచెం నడిపి, ఆమె దీపం దగ్గర రాసుకున్న కాగితం మీద ఆపాడు. అక్కడ వరుసలు లెక్కపెట్టాడు. పద్నాలుగు.

మిషను దగ్గరినుంచి ఆయన జనం వైపు తిరిగాడు.

"ఈ సినిమా నేను నాలుగుసార్లు చూశాను," అన్నాడు శ్రీరామమూర్తి. "డైరెక్టరు కావాలనే పెట్టాడో, చూసుకోకుండా వదిలేశాడో నాకు తెలీదు. నేనైతే ఎప్పుడూ లెక్కపెట్టలేదు."

"మరి తక్కిన పదకొండు?" అంది లలితకుమారి వంటగది గుమ్మంలోంచే.

"ఆమెనే రాసింది మేడం," అంది అన్నమ్మ. "ఇంకెవరున్నరు ఆ ఇంట్ల?"

తర్వాత ఏమన్నారో అన్నమ్మకు పెద్దగా గుర్తులేదు. అందరూ ఒకేసారి మాట్లాడారు. చాయ్ గిన్నె బల్ల మీదికి వచ్చింది. సైదులు గ్లాసు పట్టుకొని ఆమె దగ్గరికి వచ్చాడు. "వదినా, నువ్వు సినిమోళ్ల కాళ్లిరగ్గొట్టినవ్ పో. కాయిదాలు ఇస్తవా మరి, ఫోటో మంచిగున్నది గదా?"

ఆమె సంచిలోంచి కట్ట తీసింది కానీ ఇవ్వలేదు. "ఫోటో మంచిగున్నది సైదులూ. నాలుగో పాట నాది."

సైదులు నవ్వబోయి ఆగాడు. "ఏ పాట?"

"బిందె పాట. పదిహేడో పాట, గా జైలు పాట ఉన్నది చూడు, దాంట్ల పల్లవి ఆయనది, చరణాలు నావి."

"నువ్వు చదివినవా?" అన్నాడు సైదులు. ఆ మాటే ముందు వచ్చింది అతనికి. తర్వాత గొంతు తగ్గించాడు. "వదినా, జర ఆలోచన చెయ్యి. ఊరూర సుందరన్న పాట అని పాడుతున్నరు. ఇప్పుడు పేరు మారిస్తే ఏమంటరు? పోయినోడు పెండ్లాం పాటలు తనయని చెప్పుకున్నడంటరు. అన్న పేరు కరాబైతది. మనల్ని చూసి నవ్వేటోళ్లు కాచుకోని ఉన్నరు. అసలు అన్న రాయలేదని నీకు పక్కానా? కాయిదం మీద అన్న చేతిరాతనే గద ఉన్నది."

ఆ భయం ఆమెకూ ఉంది. రాత్రంతా దొర్లించింది అదే. ఆయన పేరు మీద ఒక్క చినుకు పడ్డా తట్టుకోలేదు ఆమె. ఆయన చేతులు, ఆ తల గోక్కోవడం, స్టేజి ఎక్కేముందు గడప దగ్గర నిలబడి 'ఎట్లున్న?' అని అడగడం, అన్నీ కళ్లముందే ఉన్నాయి. కానీ ఆయన తలుపు మూసి తనకు ఒప్పుకున్నది నిజం. ఆయన నిజమే చెప్పే మనిషి. తలుపు తియ్యడానికే జంకాడు.

"జైలు పాట ఎప్పుడు పుట్టింది సైదులూ?" అని అడిగింది.

"మమ్మల్ని పట్టుకపోయినప్పుడు. ఉద్యమం జోరు మీదున్నప్పుడు."

"నువ్వు గూడ లోపల్నే ఉన్నవ్ గద. పద్నాలుగు దినాలు ఒకే బరాకుల. చెప్పు, చరణాలు ఎప్పుడు రాసిండు ఆయన?"

సైదులు గ్లాసు నోటిదాకా తెచ్చి ఆపాడు.

"ములాఖత్ అయిదు నిమిషాలు," అంది అన్నమ్మ. "జాలీ తీగల అవతలి నుంచి పల్లవి ఒక్కటి అనిండు. గంట కొట్టిండ్రు. 'మిగిలింది నువ్వు చూడు అన్నీ' అనుకుంట లోపలికి పోయిండు. నేను బస్‌స్టాపు దాక నడుసుకుంట కట్టిన. తెల్లారి దళం పోరగాండ్లకు నేర్పిన. మీరు బయటికి వచ్చిన దినం గేటు కాడ వాళ్లు అదే పాడుతున్నరు, యాదికున్నదా?"

యాదికి ఉంది. అతని ముఖంలో కనిపించింది. ఆ రోజు గేటు దగ్గర ఆ పాట మొదటిసారి విన్నవాళ్లలో అతనూ ఒకడు. "నేను లోపల ఉన్నా, నా పాట బయట తిరిగింది సూడుర," అని సుందరయ్య అతని వీపు చరిచి నవ్వాడు. పక్కపక్కన పడుకున్న పద్నాలుగు రాత్రుల్లో పల్లవి తప్ప ఇంకో ముక్క సుందరయ్య నోట అతను వినలేదు. అయినా లెక్కపెట్టుకోలేదు.

సైదులు గ్లాసు బల్ల మీద పెట్టాడు. అతని కళ్లు ఎర్రబడ్డాయి. "నేనొక్కన్నే దగ్గరుండి చూసిన వదినా," అన్నాడు. "నాకే తెల్వకపాయె."

"నీకు తెల్వదు, ఆయనకు తెలుసు. ఇందుల పంతొమ్మిది పాటలున్నయి. నాలుగోది, పదిహేడోది తీసేసినా ఆయనకు పదిహేడు ఉంటయి. అవన్నీ బంగారం. ఆయన పేరు నిలవనీకె చాలవా?"

"ముందుమాటల నేను చాయ్ అని..."

"అది ఉండనియ్యి. గది గూడ నిజమే గద."

సైదులుకు నవ్వూ ఏడుపూ ఒకేసారి వచ్చాయి. జేబులోంచి పెన్ను తీసి ఇచ్చాడు. జోస్నా గ్లాసులు పక్కకు జరిపి, బల్ల తుడిచి, అత్తకు కుర్చీ లాగింది. అన్నమ్మ కూర్చుంది. పదిహేడో పాట దగ్గర ఆయన పేరును అట్లాగే ఉంచింది, పల్లవి ముందు వచ్చింది కాబట్టి ఆయనే ముందు. దాని పక్కన తన పేరు చేర్చింది. నాలుగో పాట దగ్గరికి వచ్చేసరికి పెన్ను పక్కన పెట్టి, చెయ్యి కొంగుకు తుడుచుకుంది. పెళ్లయిన ముప్పై ఆరేళ్లలో ఆయన పేరును నోటితో కూడా ఎవరి ముందూ పలకలేదు ఆమె. ఇప్పుడు దాని మీద గీత గీయాలి. 'ఏమనుకోకు,' అంది మనసులో, 'తలుపు తీస్తున్న.' సన్నగా, కింద పేరు కనిపించేటట్టే గీసింది.

"ఇంత ఇరుకుల పట్టదు వదినా, చెప్పు, నేను రాస్త," అన్నాడు సైదులు.

"వద్దు. నేనే."

"మరి పక్కన 'సుందరయ్య భార్య' అని పెడ్దామా? జనానికి ఎవరో తెలుస్తది."

 ఆయన భార్య అనిపించుకోవడం ఆమెకు ఎప్పుడూ ఇష్టమే, ఇప్పటికీ ఇష్టమే. తల అడ్డంగా ఊపింది. అక్షరాలు పెద్దవి కావడంతో అచ్చు గీతలు దాటి, ఖాళీ అంచులోకి పోయాయి. అయిదు నిమిషాలు పట్టింది. అంతసేపూ సైదులు, శ్రీరామమూర్తి, లలితకుమారి, జోస్నా బల్ల చుట్టూ నిలబడి, ఎవరూ తొందరపెట్టకుండా చూశారు.

ఆ రాసిన పేరు మేడి అన్నమ్మ. అది నా పేరే. నాకిప్పుడు అరవై ఎనిమిదేళ్లు. తుర్కయంజాల్‌లో ఉంటున్నాను.